సీసా మీది చిన్న చతురస్రం

ఈరోజు టీకాల శిక్షణలో పోలియో చుక్కల సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. లేబుల్ మీద ఊదా రంగు వలయం, మధ్యలో లేత చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం ముదురుతుంది. వలయం రంగులో కలిసిపోయిందంటే ఆ మందు పిల్లలకి వేయకూడదు. 1996 నుంచి పోలియో సీసాల మీద ఈ గుర్తు వస్తోంది. చదువు రానివాళ్లకి కూడా చూడగానే అర్థమవుతుంది, నాకు బాగా నచ్చింది అదే.

మధ్యాహ్నం ఆరోగ్య ప్రాధాన్యాల మీద చర్చ. బయటి నిధులు ఏ జబ్బుకి వస్తే అదే జాబితాలో పైకి ఎక్కుతోందని ఒకావిడ బాధపడ్డారు. నాకూ ఆ బాధే ఉంది. సాయం చేసేవాళ్లు ఆయా దేశాల ప్రణాళిక వెంటే నడవాలని అంతర్జాతీయ సాయం మీద చేసిన 2005 పారిస్ ప్రకటనలో రాసుకున్నారు కదా!

అలాగని ఏ దేశానికైనా ఒంటరిగానూ కుదరదు. ఒకరంటే ఒకరికి పడని రోజుల్లోనే అమెరికా, సోవియట్ యూనియన్ మశూచి మీద కలిసి పనిచేశాయి. 1980లో ఆ జబ్బు ప్రపంచంలోనే లేదని ప్రకటించారు.

సాయంత్రం సీసాని తిరిగి ఐస్ పెట్టెలో పెట్టేముందు ఇంకోసారి చూశాను. చతురస్రం ఇంకా లేతగానే ఉంది.