సోషల్ మాస్టారి లాంతరు బడి

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ అడిగింది. చింతచెట్టు బ్యాచ్ ఎలాగూ వింజమూరుతో ఆడిన మ్యాచ్ గురించే రాస్తారు. నేను సోషల్ మాస్టారి గురించి రాస్తాను.

1991లో మన నెల్లూరు జిల్లాలో, చదువురాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే అక్షరదీపం ఉద్యమం మొదలైంది. జీతం లేని పని, అదీ రాత్రిపూట. ఈ వయసులో ఆడోళ్లకు చదువెందుకని ఊరంతా అంటుంటే మాస్టారు ఎవరికీ జవాబు చెప్పలేదు. తనే లాంతరు చిమ్నీ తుడిచి, అరుగు మీద చాప పరిచి కూర్చున్నారు. కూలికి పోయొచ్చి, వంట ముగించుకున్నాక వస్తారు కాబట్టి ఏడున్నరకు ముందు మొదలుపెట్టేవారు కాదు. ఒక లాంతరు చుట్టూ పదిమందికి మించి కూర్చోనిచ్చేవారు కాదు, వెనకవాళ్లకు అక్షరం కనపడదు. కనపడకపోతే ఆమె మర్నాడు రాదు. పదకొండో మనిషి వచ్చిందంటే ఇంకో లాంతరు, ఇంకో వాలంటీరు. అందుకే మన పదో తరగతి పిల్లలు కొందరు అప్పుడే పంతుళ్లయ్యారు.

పాఠం చదివించి ఊరుకునేవారు కాదు. వాచకంలో సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కథ అయ్యాక, "మీ ఇంట్లో కూలి డబ్బు ఎటు పోతోందమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగి, తను నోరు మూసుకునేవారు. నాయకత్వమంటే నాకు ఆ మౌనమే. మాస్టారే మాట్లాడితే అది మాస్టారి ఉద్యమమవుతుంది.

ఇలాంటి రాత్రి బడుల మాటల్లోంచే సారా మీద పోరాటం పుట్టింది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారు, తోటి ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు. ఒక్కతే మొగుడితో తగవు పడితే ఇంటి గొడవ. అందరూ కలిసి దుకాణం ముందు కూర్చుంటే ఊరి సంగతి. అయితే అంగడి మూసినంత మాత్రాన సరిపోదు, సారా అమ్ముకునే హక్కుకు సర్కారు వేలంపాట జరిగితే ఇంకో పాటదారు వస్తాడు. అది కనిపెట్టి వేలాలకే అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టి, 1997లో సడలించారు. ఆ సడలింపు నాకు నేటికీ మింగుడుపడదు.

మిగిలిన కూలి డబ్బులోంచి రోజుకో రూపాయి. ఆడవాళ్లు సంఘాలుగా కూడి అలా దాచుకోవడమే పొదుపులక్ష్మి. సంఘాలకు శిక్షణ ఇవ్వడమే ఇప్పుడు నా ఉద్యోగం. నేను నేర్పిన ఆడవాళ్లు ఈ రోజు బ్యాంకు మేనేజరుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని లెక్క అడుగుతున్నారు. సంఘం ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. లెక్కల పుస్తకం లీడరు ఇంట్లోనే ఉండిపోయినప్పుడు, మొదటి ఎగవేతను మొహమాటంతో దాచినప్పుడు. పుస్తకం నెలనెలా చేతులు మారాలి, ఎంత జమ, ఎవరి బాకీ ఎంత అనేది సమావేశంలో పైకి చదవాలి. అప్పుడే లీడరు ఊళ్లో లేకపోయినా పని ఆగదు.

బడి లైబ్రరీకి మనం వేసుకుంటున్న చందాకూ ఇదే పద్ధతి పెడదాం. మొదటి నెల పుస్తకం నేను రాస్తాను, రెండో నెల చివరి బెంచీ వాళ్లు తీసుకోవాలి.