ట్రామ్ ఫోటోల్లో దొరికిన ఊరు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1976 నాటి గుడి అది. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా మనవాళ్లు మొక్కులు తీర్చుకోవడానికి వస్తుంటారు. మా పిల్లలిద్దరికీ అన్నప్రాశన, అక్షరాభ్యాసం అక్కడే చేశాం. ఇల్లు, స్కూలు, గుడి, ఇండియన్ షాపు, వారాంతంలో తెలుగు క్లాసు. మా పిల్లలకు చాలాకాలం ఊరంటే ఇవే.

మాది నెల్లూరు. మా నాన్నతో కలిసి ట్రంకు రోడ్డు మీద నడిస్తే నాలుగు అడుగులకో కథ వస్తుంది. ఇక్కడ ఫలానా హోటలుండేది, ఇక్కడ మీ జేజినాయన (తాత) స్నేహితుడి అంగడి ఉండేది, ఈ సందు చివర జట్కాలు ఆగేవి. నాకు ఊరు అలాగే అబ్బింది. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన నా పిల్లలకు చెయ్యి పట్టుకుని అలా చెప్పే పెద్దవాళ్లు ఇక్కడ లేరు. తాతలూ నాయనమ్మలూ సముద్రాల అవతల ఉన్నారు. రెండు సంస్కృతుల మధ్య పిల్లల్ని పెంచడం గురించి మనం ఎంతో మాట్లాడుకుంటాం. పండగలు మరిచిపోతారేమో, తెలుగు పోతుందేమో అని టెన్షన్ పడతాం. పుట్టిన ఊరి జ్ఞాపకాలు కూడా వాళ్లకు ఎవరో ఒకరు అందించాలన్న మాట ఎక్కడా వినపడదు. ఆ లోటును మా ఇంట్లో కొంతవరకూ తీర్చింది పాత ట్రామ్ ఫోటోలు.

మా అమ్మాయికి స్కూల్లో ఊరి చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చారు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ నడిపే హిస్టారిక్ పిట్స్‌బర్గ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పాత ఫోటోలు వేలకొద్దీ ఉన్నాయి. నగరపాలక సంస్థ తన పనుల కోసం సొంత ఫోటోగ్రాఫర్ చేత తీయించినవి అందులో చాలా ఉన్నాయి. వాటితో పెద్ద ఇబ్బంది లేదు. వీధి పేరు, తేదీ తరచుగా ఫోటో అడుగునే రాసి ఉంటాయి. చిక్కంతా ట్రామ్ అభిమానులు తీసిన ఫోటోలతోనే. వాళ్లకు బండి మీద ప్రేమ. అందుకే వెనకాల బండి నంబరు రాస్తారు, మోడల్ రాస్తారు, అది ఏ వీధో రాయరు. తీసినవాళ్లకు అందులో చెప్పాల్సిందేముంది, రోజూ తిరిగే వీధే కదా! డెబ్బై ఏళ్ల తర్వాత ఆ వీధే లేకుండా పోతుందని వాళ్లెలా ఊహిస్తారు?

ఇలాంటి ఫోటోను ఎలా చదవాలో మా పిల్లలు మెల్లగా నేర్చుకున్నారు, వాళ్ల వెనకే నేనూ నేర్చుకున్నాను. ముందు బండి ముఖం చూడాలి. నున్నగా, గుండ్రంగా ఉన్న పీసీసీ రకం ట్రామ్ అయితే అది 1936కు ముందు ఫోటో కాదు. పిట్స్‌బర్గ్‌కు అలాంటి మొదటి బండి వచ్చింది ఆ ఏడాదే. తర్వాతి కాలంలో ఇక్కడ అవి మొత్తం 666 అయ్యాయి. నుదుటి మీద రూటు నంబరు, చివరి స్టాపు పేరు కనిపిస్తే సగం పని అయినట్టే. 1964లో ప్రభుత్వ రవాణా సంస్థ ట్రామ్‌లను చేతికి తీసుకుంది. 1967 వచ్చేసరికి తూర్పు వైపు రూట్లను దాదాపుగా తీసేసి బస్సులు పెట్టింది. పట్టాలైతే పోయాయి కానీ నంబర్లు నిలిచాయి. 71, 82, 88 నంబర్లతో బస్సులు ఈనాటికీ చాలావరకు ఆ పాత దారుల్లోనే తిరుగుతున్నాయి. ఈ సంగతి తెలిసిన రోజు మా చిన్నోడు బస్సు స్టాపులో నిలబడి 71 రావడం చూసి ఎగిరి గంతేశాడు. వాడు రోజూ చూసే నంబరు వాళ్ల టీచరుగారి నాయనమ్మ కాలం నాటిదని తెలిసింది మరి.

ఆ తర్వాత చూడాల్సింది బండిని కాదు, బండి వెనక ఉన్నవాటిని. ఈ ఊరంతా కొండలూ నదులూ కాబట్టి రోడ్డు ఎటు ఎక్కుతోంది, వెనకాల గుట్ట ఉందా, ఆకాశం ఉందా అన్నది మంచి ఆనవాలు. పట్టాలు ఎక్కడ మలుపు తిరిగాయి, ఎక్కడ రెండుగా చీలాయి, పై తీగలు ఎన్ని కలిశాయి అన్నవి చూస్తే అది ఎంత పెద్ద కూడలో తెలుస్తుంది. నీడలు దిక్కు చెబుతాయి. షాపు బోర్డు మీద నాలుగు అక్షరాలు దొరికితే ఆనాటి సిటీ డైరెక్టరీ తీయాలి. అందులో వీధి వీధికీ, ఇంటి నంబరు వరసలో ఎవరున్నారో, ఏ అంగడి ఉందో అచ్చేశారు. చివరగా హాప్‌కిన్స్ కంపెనీ మ్యాపులు. 1872 నుంచి 1940 దాకా గీసినవి ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఒక్కో ఇంటినీ గీశారు వాటిలో. ఇటుక ఇల్లయితే గులాబీ రంగు, చెక్క ఇల్లయితే పసుపు. ఫోటోలో మూలన చెక్క ఇల్లు, దాని పక్కన రెండు ఇటుక మేడలు ఉంటే మ్యాపులో పసుపు, గులాబీ, గులాబీ వరసగా ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోవాలి. మా అమ్మాయి ఈ పనిలో పడితే అన్నానికి పిలిచినా పలకదు.

మాకు మొదట దొరికిన చోటు గురించి చెప్పాలి. ఫోటోలో ఒక ట్రామ్, చెట్లు, జనం, పక్కన పెద్ద మార్కెట్టు లాంటి ఇటుక కట్టడం. ఊళ్లో ఇప్పుడు అలాంటిది ఎక్కడా లేదు. ఎంతసేపు చూసినా ఎవరికీ అంతు పట్టలేదు. చెట్ల వెనక సగం కనిపిస్తున్న గుమ్మటం మీద వేలు పెట్టి మా చిన్నోడు, “అమ్మా, ఇది చిల్డ్రన్స్ మ్యూజియం!” అన్నాడు. నిజమే. పిట్స్‌బర్గ్‌లో పిల్లలున్న ప్రతి తెలుగు ఇంటికీ తెలిసిన చోటు అది. వాడు ఎన్నోసార్లు ఆడుకున్న ఆ భవనం ఒకప్పుడు అలెగనీ పోస్టాఫీసు, 1897లో కట్టింది. అలెగనీ అప్పట్లో వేరే నగరం. అక్కడివాళ్లు వద్దని ఓటేసినా 1907లో దాన్ని పిట్స్‌బర్గ్‌లో కలిపేశారు. రెండు ఊళ్లలోనూ ఒకే పేరున్న వీధులు ఉండటంతో తర్వాత చాలా వీధులకు పేర్లు మార్చారు. కాబట్టి 1900 నాటి ఫోటో మీద వీధి పేరు రాసి ఉన్నా ఈనాటి మ్యాపులో గుడ్డిగా వెతికితే దొరకదు. 1960లలో ఆ నడిబొడ్డునంతా పడగొట్టి షాపింగ్ మాల్, అపార్టుమెంట్లు కట్టారు. ఫోటోలోని మార్కెట్టు ఇల్లు అప్పుడే పోయింది. పోస్టాఫీసు మాత్రం పాత కట్టడాలను కాపాడాలని పూనుకున్న కొందరి పట్టుదలతో బతికింది. మరుసటి వారమే వెళ్లి, ఫోటో తీసినాయన నిలబడి ఉండాల్సిన చోటు వెతికి నిలబడ్డాం. ట్రామ్ లేదు, పట్టాలు లేవు, వీధి కూడా లేదు. గుమ్మటం మాత్రం సరిగ్గా ఫోటోలో ఉన్న వైపే ఉంది.

ఈస్ట్ లిబర్టీ అనే పేట ఫోటోలు కాస్త తేలిక. అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి గోపురం 300 అడుగుల ఎత్తు, 1930లలో కట్టింది. అది కనిపిస్తే చోటూ తెలుస్తుంది, కాలమూ తెలుస్తుంది.

లోయర్ హిల్ ఫోటోలు అలా కాదు. డౌన్‌టౌన్‌ను ఆనుకుని, కొండ ఎక్కుతున్న చోట ఉండేది ఆ పేట. యూదులు, ఇటాలియన్లు, సిరియన్లు ఊళ్లోకి కొత్తగా వచ్చినప్పుడు ముందు అక్కడే దిగేవాళ్లు. తర్వాత దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలతో నిండింది. వైలీ అవెన్యూ మీద జాజ్ క్లబ్బులు తెల్లవార్లూ మోగేవట. 1956 నుంచి ఆ పేటను కూల్చడం మొదలుపెట్టారు. 95 ఎకరాలు, దాదాపు 1,300 భవనాలు, 400కు పైగా వ్యాపారాలు పోయాయి. 8,000 మందికి పైగా జనం ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ నేల మీద 1961లో తెరుచుకునే పైకప్పుతో స్టేడియం లేచింది. యాభై ఏళ్లకు దాన్నీ కూల్చేశారు. చాలాకాలం అక్కడ మిగిలింది కార్లు పెట్టుకునే ఖాళీ జాగా.

ఆ పేటలో తీసిన ఫోటోకు ఆనవాళ్లు ఏం దొరుకుతాయి? పాత కట్టడాల్లో నిలిచింది ఎపిఫనీ చర్చి దాదాపు ఒక్కటే. 1903 నాటిది, రెండు బురుజులు ఉంటాయి. ఆ జంట బురుజులు ఫోటోలో ఎంత ఎత్తున, ఏ పక్కకు కనిపిస్తున్నాయో చూసి, హాప్‌కిన్స్ మ్యాపు దగ్గర పెట్టుకుని మా అమ్మాయి ఒక మూల దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టింది. అదే మ్యాపును ఈనాటి శాటిలైట్ ఫోటో మీద పరిస్తే ఆ చుక్క పార్కింగ్ గీతల మధ్యకు వచ్చింది. కాసేపు దాన్నే చూసి, “వీళ్లను అడిగే చేశారా?” అంది.

లేదు, అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా చెప్పాను. పన్నెండేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుందా అనుకోనక్కర్లేదు. మా అత్తగారి అమ్మమ్మ ఊరు సోమశిల ముంపులో పోయింది. గుడీ, ఊరబావీ, చింతచెట్టూ నీళ్ల కింద ఉన్నాయని అత్తగారు చెబుతుంటే మా అమ్మాయి చాలాసార్లు విన్నది. “నాయనమ్మ వాళ్ల ఊరు లాగానా?” అంది. రెండింటికీ తేడాలున్నాయి, అవీ మాట్లాడుకున్నాం. ఇక్కడ జాతి సంగతి ఉంది. దాన్ని పక్కన పెట్టి లోయర్ హిల్ కథ చెబితే అబద్ధం చెప్పినట్టే. ఈ మాట మన తెలుగు కుటుంబాలకు గట్టిగానే చెప్పాలనిపిస్తుంది. మంచి స్కూళ్లున్న శివార్లు చూసుకుని స్థిరపడుతున్నాం. మన పిల్లలు ఈ ఊరి బిడ్డలు. ఈ ఊరి గాయాలు కూడా వాళ్లకు తెలియాలి.

ఆ పేటను గుర్తుపట్టడానికి మ్యాపులు చాలవని ఇక్కడి మ్యూజియంవాళ్లకూ తెలుసు. టీనీ హారిస్ అనే నల్లజాతి పత్రికా ఫోటోగ్రాఫర్ దశాబ్దాల పాటు ఆ జనాన్ని, ఆ వీధుల్ని ఫోటోలు తీశారు. దాదాపు 80,000 నెగెటివ్‌లు ఇప్పుడు కార్నెగీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ దగ్గర ఉన్నాయి. వాటిలో ఉన్నది ఎవరో, ఎక్కడో చెప్పమని మ్యూజియం ఆ పేట పెద్దవాళ్లనే అడిగింది. ఇది చదివాక మా అమ్మాయి ఒక మాట అంది. “మనకూ అడగడానికి తాతయ్య ఉన్నాడు కదా!”

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. మా జేజినాయన మద్రాసులో తీయించుకున్నది. పంచె, కోటు, చేతిలో గొడుగు, పక్కన ఎవరో స్నేహితుడు. నెల్లూరు వాళ్లకు ఆ రోజుల్లో బట్టలకూ, ఆస్పత్రికీ, సినిమాకూ మద్రాసే. వాళ్ల వెనకాల ఒక ట్రామ్ సగం కనిపిస్తుంది. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ఫోటో, నా కళ్లెప్పుడూ జేజినాయన మీదే ఉండేవి. మా అమ్మాయి ఆయన్ను వదిలేసి పై తీగలు చూసింది, ట్రామ్ చూసింది, దాని వెనక గడియారపు స్తంభం చూసింది. మద్రాసులో కరెంటు ట్రామ్‌లు 1895లో మొదలై 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనది కాకుండా పోయింది. గడియారం సెంట్రల్ స్టేషన్‌దని తొందరగానే తేలింది. దానికి ఇవతల కమానులతో ఉన్న పొడుగాటి కట్టడం మాత్రం శాటిలైట్ ఫోటోలో లేదు. పాత ఫోటోలన్నీ తిరగేసి అది మూర్ మార్కెట్ అని తేల్చింది. 1985లో కాలిపోయింది. ఇప్పుడు ఆ జాగాలో లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది.

మాకు రాత్రి, వాళ్లకు పొద్దున. వీడియో కాల్‌లో ఫోటో చూపించి అమ్మాయి మూర్ మార్కెట్ అనగానే మా నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఆ పేరు ఈ పిల్ల నోట వస్తుందని ఆయన అనుకోలేదు. ఎస్సెల్సీ చదివేటప్పుడు పాత పుస్తకాలు అక్కడే కొన్నారట. ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న పక్కన ట్రామ్‌లో కూర్చున్నారట, డ్రైవరు కాలితో గంట కొట్టేవాడట. ఇవేవీ నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు, ఆయనకు చెప్పే సందర్భం రాలేదు. అమ్మాయి తెలుగు అక్కడక్కడా తడబడినా ప్రశ్నలు మాత్రం ఆగలేదు. టికెట్ ఎంత, ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, పక్కన ఏ అంగడి. తెలియని మాట వస్తే ఆయన చేతులతో చూపిస్తున్నారు.

ఇప్పుడు ఇద్దరికీ ఒక పేచీ మిగిలింది. ఫోటోలోని ట్రామ్ పురసవాకం వైపు పోతోందని మా నాన్న అంటారు. “కాదు తాతయ్యా, నీడ చూడు, అది అటు కాదు, ఇటు వస్తోంది” అని ఇది. “నేనెక్కిన బండి నాకు తెలియదా అమ్మణ్ణీ” అని ఆయన. డిసెంబరులో వెళ్లినప్పుడు ఇద్దరూ అక్కడ నిలబడి తేల్చుకుంటారట. జేజినాయన నీడ పొట్టిగా ఉంది కాబట్టి మధ్యాహ్నం పన్నెండింటికే వెళ్లాలని మా అమ్మాయి పట్టు. సెంట్రల్ దాకా కారు వద్దు, లోకల్ రైల్లోనే పోదామని మా నాన్న అప్పుడే తేల్చేశారు.