ట్రియర్‌లో మాక్సిమస్ నాణెం కోసం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్, అక్కడ రైలు మారి మోజెల్ నది వెంబడే ట్రియర్. రైల్లో అందరూ ద్రాక్షతోటల ఫోటోలు తీసుకుంటుంటే మా ఫ్రెండ్ మాత్రం "చిల్లర చూడ్డానికి ఇంత దూరమా?" అని దారంతా సణుగుతూనే ఉన్నాడు.

చిల్లర కాదురా, రోమన్ చక్రవర్తి మాగ్నస్ మాక్సిమస్ నాణెం! క్రీ.శ. 383లో బ్రిటన్‌లోని రోమన్ సైన్యం ఇతన్ని చక్రవర్తిని చేస్తే సముద్రం దాటి గాల్‌కి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపుకి, వచ్చాడు. అప్పటి చక్రవర్తి గ్రేషియన్ సైనికులు ఇటు తిరిగిపోయారు, పారిపోతున్న గ్రేషియన్‌ని లియోన్‌లో చంపేశారు. ఆ తర్వాత ట్రియరే ఇతని రాజధాని.

మ్యూజియంలో జనమంతా 1993లో దొరికిన బంగారు నిధి దగ్గరే ఉన్నారు. 2,500కి పైగా నాణేలు, 18.5 కిలోలు! మావాడూ అక్కడే అతుక్కుపోయాడు. నాకు కావలసింది నాలుగున్నర గ్రాముల సాలిడస్ అనే రోమన్ బంగారు నాణెం ఒక్కటి.

కనిపించింది. ఒకవైపు ముత్యాల పట్టీతో మాక్సిమస్ తల, రెండోవైపు పక్కపక్కన కూర్చుని ఒకే గోళాన్ని పట్టుకున్న ఇద్దరు చక్రవర్తులు, వాళ్ల వెనక రెక్కల విజయదేవత. చుట్టూ ఉన్న రాతలో చివర రెండు 'జీ'లు ఉంటాయి, అది అచ్చుతప్పు కాదు, చక్రవర్తులు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని గుర్తు. నాకు అర్థమైంది ఏంటంటే, 'తూర్పున ఉన్న చక్రవర్తి థియోడోసియస్ పక్కన నాకూ కుర్చీ ఉంది, నేనేం దొంగని కాదు' అని మాక్సిమస్ ఈ నాణేన్ని సైనికుల చేతుల్లో పెట్టి మరీ చెప్పుకోవడం. థియోడోసియస్ కొన్నాళ్లు ఒప్పుకున్నాడు కూడా. కింద 'టీఆర్ఓబీ' అని ఉంటుంది, టీఆర్ అంటే ట్రియర్, ఓబీ అంటే మేలిమి బంగారం. అసలు చక్రవర్తుల నాణేల పక్కన పెడితే నాకైతే ఏ తేడా తెలియలేదు.

387లో మాక్సిమస్ ఇటలీ మీదికి వెళ్లడంతో పొత్తు చెడింది. 388 ఆగస్టులో ఇటలీలోని అక్విలేయా దగ్గర అతన్ని చంపేశారు, కొడుకు విక్టర్‌నీ వదల్లేదు. ఆ పిల్లాడి పేరుతో వేసిన రాగి నాణెం చిటికెనవేలి గోరంత ఉంటుంది, దాని మీద కోట గుమ్మం, పైన చుక్క, చుట్టూ 'రోమన్ల ఆశ' అని రాత. అది చూశాక ఎందుకో బంగారం మీద ఆసక్తి పోయింది.

సాయంత్రం రోమన్ల కాలం నాటి నగర ద్వారం పోర్టా నీగ్రా ముందు కూర్చున్నాం. సున్నం లేకుండా ఇనుప బద్దలతో కలిపిన రాళ్లు, ఆ ఇనుము కోసం తర్వాతివాళ్లు తవ్విన బొక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. షాపుల్లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బొమ్మలు ఉన్నాయి, ఇదే ఊళ్లో పుట్టిన కార్ల్ మార్క్స్ అయితే ఎక్కడ చూసినా ఉన్నాడు. మాక్సిమస్ బొమ్మ ఒక్కటీ దొరకలేదు. చివరికి మార్క్స్ బొమ్మ ఉన్న, జ్ఞాపికగా అమ్మే సున్నా యూరో నోటు కొన్నాను, 3 యూరోలు పెట్టి. మావాడు ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.