బొగ్గుతో గీసిన బొగ్గు బాయి

నిన్న ఫోన్‌లో ప్రభాకర్ పాచ్‌పుతే అనే చిత్రకారుడి బొమ్మలు చూస్తుంటే మా బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే గనిలో బొగ్గు ఎత్తి నింపే పని, చేసి దిగిపోయిన మనిషి. బొమ్మలంటే పెద్ద ఇంట్రెస్ట్ ఏం లేదు.

పాచ్‌పుతేది మహారాష్ట్రలో బల్లార్షా దగ్గర సాస్తి. 1986లో పుట్టాడు. వాళ్ల ఇంట్లోనూ తరతరాలుగా గని పనే. 2021లో వేల్స్‌లో ఆర్టెస్ ముండి అనే కళా బహుమతిని ఆరుగురికి కలిపి ఇస్తే, అందులో ఇతనొకడు. గోడల నిండా చార్‌కోల్‌తో గీస్తాడు. "అది కట్టె బొగ్గు గదా, బాయి బొగ్గు కాదు" అన్నాడు బాపు. నిజమే, అది నాకు తట్టనేలేదు.

కొన్ని బొమ్మల్లో మనుషులకు తల ఉండదు. ఆ చోట లైటో, యంత్రమో ఉంటుంది. "ఇది సర్రియలిజం బాపూ, అంటే కలలో కనిపించేట్టు గీయడం..." అని నేను క్లాసు మొదలుపెట్టాను. ఆయన వినలేదు.

"లోపటికి దిగినంక మొఖాలు ఏడ కనవడ్తయిరా? లైట్లే గదా కనవడేది. లైటు ఊగే తీరు చూసి ఎవడొస్తున్నడో గుర్తుపట్టేటోళ్లం."

నేను నోరు మూసుకున్నా. ఆయన ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు తెమ్మన్నాడు.