ఫుట్ ఓవర్ బ్రిడ్జి తనిఖీ: బ్లాక్ దొరికిన రాత్రి (నా అనుభవం)

స్టేషన్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి తనిఖీ అంటే సుత్తి పట్టుకుని పైకెక్కి చూసి రావడమే అనుకుంటారు చాలామంది. నిజానికి ముప్పాతిక వంతు పని ఎక్కకముందే, ఫోన్ల మీదా కాగితాల మీదా నడుస్తుంది. నేను సివిల్ ఇంజినీర్ని, ఒక కన్సల్టెన్సీ తరఫున రైల్వే వాళ్లతో కలిసి ఈ పనులు చేస్తుంటాను. ఈ మధ్య సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక స్టేషన్‌లో జరిగింది రాస్తున్నా.

పట్టాల మీదుగా పోయే గర్డరు (వంతెనను మోసే స్టీలు దూలం) అడుగు చూడాలంటే అక్కడే 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దానికి 2 మీటర్ల లోపలికి వెళ్లే పనైతే కరెంటు ఆపించి, పర్మిట్ చేతికొచ్చాకే కదలాలి. అంటే ట్రాఫిక్ బ్లాక్ (కాసేపు రైళ్లు ఆపడం), పవర్ బ్లాక్ (కరెంటు ఆపడం) రెండూ ఒకేసారి దొరకాలి. బ్లాక్ కోసం కంట్రోల్ ఆఫీసుని బతిమాలేది వర్క్స్ ఎస్‌ఎస్‌ఈ (సీనియర్ సెక్షన్ ఇంజినీర్) గారు, పైకెక్కి పనిచేయడానికి టవర్ వ్యాగన్ అనే పట్టాల మీది బండి తెచ్చేది టీఆర్‌డీ (కరెంటు తీగలు చూసే విభాగం) వాళ్లు. ఇద్దరిలో ఎవరు రాకపోయినా మిగతావాళ్లం టీ తాగి ఇంటికెళ్లాల్సిందే, అలా వెళ్లిన రాత్రులూ ఉన్నాయి.

బ్లాక్ అక్కర్లేని పని పగలే మొదలుపెట్టాం. మెట్ల దగ్గర ప్లాట్‌ఫాం కడుగుతున్న ఆవిడ మమ్మల్ని కాసేపు చూసి, "ఆ స్తంభం దగ్గర నీళ్లు నిలవవండీ, ఎంత పోసినా లోపలికే పోతాయి" అంది. స్తంభానికి కొత్త పెయింటు, చూడ్డానికి భేషుగ్గా ఉంది. సుత్తితో నడుము ఎత్తులో కొడితే ఖంగుమంది, నేలకి ఆనుకుని కొడితే చచ్చు చప్పుడు. ఎప్పుడో ప్లాట్‌ఫాం ఎత్తు పెంచినప్పుడు బేస్ ప్లేటు, బోల్టులు కాంక్రీటు కింద పడిపోయాయి, రోజూ కడిగే నీళ్లన్నీ అక్కడికే దిగుతున్నాయి. మేస్త్రీ టైల్స్ తీసి గీకితే తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. డ్రాయింగ్‌లో 10 మిల్లీమీటర్లున్న రేకు, మందం కొలిచే గేజ్‌లో 6 దగ్గర ఆగింది. ఒకరు అంకె చదివితే జేఈ (జూనియర్ ఇంజినీర్) గారు దాన్ని గట్టిగా తిరిగి చెప్పి రాసుకోవాలి, మా పద్ధతి అది. పక్కన రైలు హారన్ మోగుతుంటే ఒక అంకె ఇంకోలా వినిపిస్తుంది మరి.

రాత్రి బ్లాక్ కాగితం మీద 2 గంటలు. గూడ్సు ఒకటి ఆలస్యంగా దాటడంతో అందులో కొంత అక్కడే పోయింది. కరెంటు ఆగినా పక్క లైన్లో ఉంటుంది కాబట్టి ఈ తీగలోకి వోల్టేజీ పాకుతుంది, అందుకే పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు (తీగని భూమికి కలిపే కడ్డీలు) తగిలించాలి. ఇక్కడ తొందరపెట్టే ఇంజినీర్లంటే నాకు ఒళ్లు మంట.

ముందు జనం నడిచే స్లాబులే చూశాం. 2022 నవంబరు 27న బల్లార్షా స్టేషన్‌లో వంతెన మీది స్లాబు ఊడి జనం పట్టాల మీద పడ్డారు, ఒకరు చనిపోయారు. మన కాగజ్‌నగర్ దాటి వెళ్తే వచ్చే పెద్ద స్టేషనే అది. ఇక్కడా ఒక స్లాబు అంచు పగిలి లోపలి చువ్వ కనిపిస్తోంది. ఊడేలా ఉన్న పెచ్చుల్ని మేస్త్రీ అక్కడికక్కడే టార్పాలిన్ పరిచి తీసేశాడు. ఇంకో రెండు స్లాబులు ఉండగా టీఆర్‌డీ సూపర్‌వైజర్ "దిగండి సార్" అన్నారు. ఆయన దిగమంటే దిగాలి, అంతే. మనుషుల్నీ సామాన్నీ లెక్కపెట్టాక ఎర్త్ తీసి పర్మిట్ వెనక్కిచ్చారు.

మర్నాడు అసలు గొడవ. తుప్పు పట్టిన స్తంభం ఉన్న ఆ మెట్లు మూసేయాలని నేను, ఎలా మూస్తామని కమర్షియల్ ఇన్‌స్పెక్టర్ గారు. నాకు చిరాకేసింది గానీ ఆయన మాటలో న్యాయం ఉంది: 2017 సెప్టెంబరు 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్‌లో 20 మందికి పైగా చనిపోయింది వంతెన కూలి కాదు, ఇరుకు మెట్ల మీద తొక్కిసలాటలో. ఒక దారి మూస్తే జనమంతా రెండోదాని మీద పడతారు. చివరికి ల్యాండింగ్ (మెట్ల మధ్య చదునుగా ఉండే చోటు) కింద స్టీలు ప్రాప్స్ (తాత్కాలిక ఆధారాలు) పెట్టేదాకా మూయడం, ఆలోగా రెండో మెట్ల దగ్గర ఆర్‌పీఎఫ్ వాళ్లు నిలబడి ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ విడగొట్టడం అని జాయింట్ నోట్ రాసి అందరం సంతకాలు పెట్టాం. ప్రాప్స్ వచ్చాయి. మిగిలిన రెండు స్లాబులకి మళ్లీ బ్లాక్ అడిగాం, వచ్చే వారం ఇస్తామన్నారు.