జిప్సమ్ గోడకి పుస్తకాల అల్మారా: నా అనుభవం

మొత్తానికి అల్మారా గోడకెక్కింది, పుస్తకాలూ సర్దేశాను. ఈ పని పెట్టుకోబోయేవాళ్లకి నా తిప్పలు తప్పాలని వెంటనే రాస్తున్నాను.

మాది గదిని రెండుగా చేసిన పార్టిషన్ గోడ. అటూ ఇటూ 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు, లోపల నిలువుగా రేకు ఛానెళ్లు, మిగతాదంతా ఖాళీ. అల్మారా ఎంచుకోవడం, గోడ మీద గీత గీసుకోవడం ఇట్టే అయిపోయాయి.

బిగించడానికి వచ్చినతను గోడని ఒక్కసారైనా తట్టి చూడలేదు. ఇటుక గోడకి వేసినట్టే కన్నాలు వేసి, మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు దూర్చి, స్క్రూలు తిప్పేశాడు. "వెనక ఛానెల్ ఉందో లేదో చూడరా?" అంటే "మాకు తెలుసు మేడమ్" అన్నాడు. పై అరలో పుస్తకాలు పెట్టగానే అల్మారా పైఅంచుకీ గోడకీ మధ్య సందు కనిపించింది. వేలు పెడితే తెల్లటి పొడి రాలింది. ప్లగ్గు స్క్రూతో సహా బయటికి వచ్చేస్తోంది. మళ్లీ పిలిస్తే వచ్చి, మా మామగారి ఎదురుగా, "అట్టముక్క గోడకి ఇంత బరువు పెడతారా? చెప్పినా మీకు అర్థం కాదు" అన్నాడు. అతను ముందు చెప్పిందే లేదు! మామగారు "పోనీలేమ్మా, కింద పెట్టుకుందాంలే" అన్నారు. ఆయన మంచికే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

గోడని తిట్టేవాళ్ల మాట నమ్మకండి. ప్లాస్టిక్ ప్లగ్గు ఉబ్బి, చుట్టూ ఉన్న గట్టి గోడని పట్టుకుని నిలబడుతుంది. జిప్సమ్‌లో ఉబ్బితే చుట్టూ ఉన్నదే పొడైపోతుంది. పైగా గోడకి ఆనుకున్న ఫొటో బరువు దాదాపుగా కిందికే లాగుతుంది. ముందుకు పొడుచుకొచ్చే అల్మారా అలా కాదు, పై స్క్రూలని గోడలోంచి పీకుతుంది. మీటరు పొడవున పుస్తకాలు నిండితే పాతిక కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తూగుతాయి. అంత బరువు మోయాల్సింది బోర్డు కాదు, దాని వెనకున్న ఛానెళ్లు.

అందుకే పని నేనే చేశాను. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి గోడ మీద మెల్లగా జరిపితే, బోర్డుని ఛానెల్‌కి బిగించిన స్క్రూ తల దగ్గర టక్కున అతుక్కుంటుంది. దానికి తిన్నగా పైనా కిందా మళ్లీ అతుక్కుంటే అక్కడ ఛానెల్ ఉన్నట్టే. సాధారణంగా వీటి మధ్య దూరం 400 లేదా 600 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఒకటి దొరికితే పక్కది టేపుతో కొలిచి పట్టుకోవచ్చు. స్విచ్ బోర్డుకి నిలువుగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టకండి, వైర్లు అటే వెళ్తాయి.

ఆ ఛానెళ్లని కలుపుతూ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీని రసమట్టం పెట్టి అడ్డంగా బిగించాను, అల్మారాని ఆ పట్టీకి వేశాను. రేకు పలచన, స్క్రూని అతిగా తిప్పితే మర అరిగి ఊరికే తిరుగుతుంది. అందుకే పై వరసలో రేకుకే కన్నం చేసి టోగుల్ బోల్టులు వేశాను. ఈ బోల్టులకి ఉండే రెక్కలు ముడిచి లోపలికి తోస్తే అవతల విచ్చుకుంటాయి. బిగించేటప్పుడు బోల్టుని మనవైపు లాగి పట్టుకోవాలి, లేకపోతే రెక్కలు కూడా దాంతోపాటే తిరుగుతాయి. ఒకసారి బిగించాక బోల్టుని పూర్తిగా తీయకండి. తీస్తే రెక్కలు గోడ లోపల పడిపోతాయి. పట్టీకి రెండు చేతులతో వేలాడి చూశాను, కదల్లేదు. మామగారు కూడా గుంజి చూసి "గట్టిగానే ఉందమ్మా" అన్నారు.

గోడ ఇంకా కడుతున్నవాళ్లు రెండో వైపు బోర్డు మూయకముందే, బరువు వచ్చే చోట ఛానెళ్ల మధ్య ప్లైవుడ్ పెట్టించి ఫొటో తీసి ఉంచుకోండి. టీవీని ముందుకు లాగే స్టాండు పెట్టేవాళ్లయితే ఇది అడిగి మరీ చేయించుకోండి. అక్కర్లేదన్నవాడికి ఆ పని ఇవ్వకండి.