బొలోన్యాలో మంచి భోజనం కోసం వెతుకులాట: నా అనుభవం

మేముండే మ్యూనిక్ నుంచి ఇటలీలోని బొలోన్యాకి నేరుగా రైలుంది. బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ దాటి, వెరోనా మీదుగా ఏడు గంటల్లో దింపేస్తుంది, కాస్త అటూ ఇటూగా. జూన్‌లో అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు మా వారు, నేను, అమ్మ ఆ రైలెక్కాం. రోమ్, వెనిస్ వదిలేసి అక్కడికే ఎందుకంటే, తిండి కోసం. మంచి తిండి ఎక్కడని ఇటలీవాళ్ళని అడిగినా ముందుగా చెప్పే ఊళ్ళలో బొలోన్యా ఒకటి.

చిక్కల్లా మా ముగ్గురి తిండి అలవాట్లతోనే. అమ్మ గుడ్డు తింటుంది గానీ మాంసం ముట్టదు. మా వారికి మాంసం ఉంటే తప్ప భోంచేసినట్టు ఉండదు. పైగా బొలోన్యా వంటంతా పందిమాంసం చుట్టూనే తిరుగుతుంది. మోర్తదెల్లా అనే పందిమాంసం సాసేజ్ పుట్టిందే అక్కడ. తోర్తెల్లీని అనే చిటికెన వేలి గోరంత పాస్తాలో పందిమాంసం, ప్రొషూత్తో (ఉప్పు పెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసం), మోర్తదెల్లా, పార్మిజానో చీజ్ కలిపి కూరుతారు. దాన్ని వడ్డించేది కోడి మాంసం మరిగించిన చారులో. అమ్మ ఒక మూల రొట్టె కొరుక్కుంటూ కూర్చుంటే ఆ ప్రయాణం ఎందుకు? ఇద్దరూ ఒకే బల్ల మీద కడుపునిండా తిని లేచే చోటు దొరకాలన్నదే నా పట్టుదల.

అందుకని హోటళ్ళ జాబితా కాకుండా ముందు వంటకాల జాబితా రాసుకున్నాను. మా వారికి తాల్యతెల్లె అల్ రగు, అంటే రగు అనే మాంసం కూర కలిపిన రిబ్బన్‌లాంటి పాస్తా. అమ్మకి తోర్తెల్లోని. పేరు తోర్తెల్లీనిలాగే ఉన్నా ఇది సైజులో పెద్దది, లోపల ఉండేది రికోత్తా చీజ్, పాలకూర. వెన్నలో సేజ్ అనే సువాసన ఆకులు వేయించి పైన పోస్తారు. ఈ రెండూ బాగా చేసే వంటిల్లు ఎక్కడుందో కనుక్కుంటే చాలు, మిగతా వాటి గురించి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

శాకాహారులకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పార్మిజానోలో పాలు విరగడానికి వాడేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్. రికోత్తా చేసేది కూడా మామూలుగా అలాంటి చీజ్ తీశాక మిగిలిన నీళ్ళతోనే. ఈ సంగతి అమ్మకి బయల్దేరకముందే చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "పాలదే కదమ్మా, తింటాలే. మాంసం ముక్క, మాంసం నీళ్ళు మాత్రం తగలకూడదు" అంది. వద్దనేవాళ్ళూ ఉంటారు, వాళ్ళు పార్మిజానో, రికోత్తా లేనివే అడిగి చూసుకోవాలి. ఇంకో సంగతి, "మాంసం వద్దు" అని ఊరుకుంటే సరిపోదు. ప్రొషూత్తో ముక్కలు మాంసం లెక్కలోకి రావనుకునేవాళ్ళు అక్కడ ఉన్నారు. అందుకే ప్రొషూత్తో వద్దు, మాంసం చారు వద్దు, పందికొవ్వు వద్దు అని విడివిడిగా ఇటాలియన్‌లో ఒక చీటీ మీద రాయించి పెట్టుకున్నాను. పందికొవ్వు మాట ముఖ్యం. నూనెలో వేయించిన పూరీల్లా కనిపించే క్రెషెంతీనెని సంప్రదాయంగా వేయించేది అందులోనే.

ఆ చీటీ రాసిచ్చింది మా పిన్ని కూతురు. బొలోన్యాలోనే ఎమ్మెస్ చేస్తోంది. 1088లో మొదలైందని చెప్పే విశ్వవిద్యాలయం అది, ఊళ్ళో ఎటు చూసినా విద్యార్థులే. "అక్కా, ఊరి నడిబొడ్డున ఉన్న పియాత్సా మజ్జోరె చౌరస్తా చుట్టుపక్కల ఫొటోల మెనూ పెట్టి, స్పగెత్తి బొలొన్యేజె అని బోర్డు పెట్టినవాటి జోలికి పోకు. ఇక్కడివాళ్ళు రగుతో తినేది తాల్యతెల్లె. మంచి భోజనం మధ్యాహ్నం చెయ్యండి. పెద్దమ్మకి రాత్రి ఎనిమిదింటికి తినడం కష్టం కూడానూ" అంది. నిజమే. అక్కడ చాలా వంటిళ్ళు రెండున్నరకి మూసేసి మళ్ళీ ఏడున్నరకి గానీ తెరవవు. మధ్యాహ్నమైతే ఆఫీసులవాళ్ళ కోసం తక్కువ ధరలో మంచి భోజనం పెట్టే చోట్లున్నాయి. మెనూ బయటే తగిలించి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళకుండానే చదువుకోవచ్చు. నేను అన్నిటికన్నా ముందు చూసింది నక్షత్రం గుర్తు. ఫ్రీజ్ చేసిన సరుకుతో చేసిన వంటకం పక్కన ఆ గుర్తు వేస్తారు. పాస్తాల పక్కన వరసగా నక్షత్రాలుంటే నేను ముందుకి నడిచేదాన్ని.

అసలైన దారి మాత్రం మర్నాడు పొద్దున దొరికింది. పియాత్సా పక్కన క్వాద్రిలాతెరో అనే పాత బజారు ఉంది, ఇరుకు సందులు, పళ్ళు, చేపలు, చీజ్, వేలాడే హామ్‌లు. అక్కడ ఒక పాస్తా కొట్టు లోపల ఒకావిడ పెద్ద చెక్కబల్ల మీద పిండి వత్తుతోంది. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, అంతే, నీళ్ళు పొయ్యరు. చేతి పొడవున్న కర్రకి పిండి రేకుని చుట్టి, అరచేతులతో మధ్య నుంచి అంచులకి లాగుతూ విప్పుతోంది. ప్రతిసారీ రేకు కాస్త పెద్దదవుతోంది, చివరికి బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. ఆ రేకులోంచి చూస్తే కొండ మీది సాన్ లూకా గుడి కనిపించాలని ఊళ్ళో అంటారట. అమ్మ అప్పడాలు వత్తిన చెయ్యి కదా, గాజు తలుపు దగ్గర నుంచి కదల్లేదు. అది గమనించి ఆవిడే లోపలికి పిలిచింది. చతురస్రంగా కోసిన ముక్క మధ్యలో రికోత్తా పెట్టి, త్రికోణంగా మడిచి, రెండు కొసలు వేలి చుట్టూ తిప్పి నొక్కి చూపించింది. అమ్మ కూడా ఒకటి చుట్టింది. ఆవిడ దాన్ని తిప్పి చూసి, తను చేసినవాటి వరసలోనే పెట్టింది.

అప్పుడడిగాను, చెల్లి తర్జుమా చేసింది: "మీరు సెలవు రోజున బయట తింటే ఎక్కడికి వెళ్తారు?" మంచి హోటల్ ఏది అని అడిగితే టూరిస్టులకి చెప్పే పేరే చెబుతారు. మీరెక్కడ తింటారు అంటే కాసేపు ఆలోచిస్తారు. ఆవిడా ఆలోచించింది. స్టేషన్ వెనక బొలోన్యీనా పేటలో ఉన్న ఒక చిన్న త్రాత్తోరియా (ఇంటి వంటలాంటి భోజనం పెట్టే హోటల్) పేరు కాగితం మీద రాసిచ్చింది. చెల్లి అక్కడికక్కడే ఫోన్ చేసి బల్ల చెప్పింది, పెద్దమ్మ మాంసం తినదన్న సంగతీ చెప్పింది. ఆ ఫోన్ చెయ్యడం చాలా ముఖ్యం. ముందే తెలిస్తే వంటవాళ్ళు మనకోసం ఆలోచిస్తారు, రద్దీలో చెబితే విసుక్కుంటారు.

బొలోన్యీనా కార్మికుల పేట, చూడ్డానికి అందాలేవీ ఉండవు. లోపల పనిబట్టల్లో వచ్చినవాళ్ళు, ఒక ముసలాయన ఒంటరిగా పేపర్ చదువుతూ. మెనూ ఒకటే కాగితం, చేత్తో రాసింది. మా వారి పళ్ళెంలో తాల్యతెల్లె వచ్చింది. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేసి, బంగారంతో చేసిన నమూనా కూడా దాచిపెట్టారు. రగులో టమాటా పేరుకే ఉంది. గొడ్డుమాంసం, పాన్చెత్తా (ఉప్పులో ఊరబెట్టిన పంది పొట్ట మాంసం), ఉల్లి, క్యారెట్, సెలరీ, వైన్, కొంచెం పాలు, గంటలకొద్దీ సన్న సెగ. అది పాస్తా మీద కూరలా పరుచుకోలేదు, ప్రతి పోగుకీ పట్టి ఉంది. మా వారు మాట్లాడకుండా తిన్నారు, ఆయన విషయంలో అది పెద్ద మెచ్చుకోలు.

అమ్మకి తోర్తెల్లోని. పల్చటి పొర, మెత్తటి రికోత్తా, జాజికాయ వాసన, కరకరలాడే సేజ్ ఆకులు. తర్వాత మెనూలో లేని పళ్ళెం ఒకటి వచ్చింది. దగ్గర్లోని అల్తేదో ఊరి నుంచి వచ్చిన పచ్చ ఆస్పరాగస్ వెన్నలో వేయించి, మీద ఒక గుడ్డు పొరటకుండా వేసి తెచ్చారు. వంటావిడ స్వయంగా వచ్చి, ఇందులో మాంసం గానీ పందికొవ్వు గానీ లేవని చేతులు ఊపి మరీ చెప్పింది. అమ్మ తెలుగులోనే "చాలా బాగుందమ్మా" అంది. బిల్లులో మనిషికి ఇన్ని యూరోలని కొపెర్తో వేశారు. అది బల్లకీ రొట్టెకీ వేసే రుసుము, మోసమేం కాదు, మెనూలో ముందే రాసి ఉంటుంది.

సాయంత్రం ఓస్తెరియా దెల్ సోలెకి వెళ్ళాం. 1465 నుంచీ ఉన్న చోటు, క్వాద్రిలాతెరోలోనే ఒక సందులో ఉంది. అక్కడ వైన్, ఇతర తాగే వస్తువులు మాత్రమే అమ్ముతారు, తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. శాకాహారి ఉన్న కుటుంబానికి ఇంతకన్నా హాయి ఏముంటుంది! బజారులో అమ్మకి కాల్చిన వంకాయ, క్యాప్సికం, రొట్టె, విన్యోలా ఊరి చెర్రీలు కొన్నాం, మా వారికి కాగితంలో చుట్టిన మోర్తదెల్లా. పొడుగాటి చెక్కబల్లల మీద ఎవరి పొట్లం వాళ్ళు విప్పుకున్నారు. పక్కన కూర్చున్న అమ్మాయిలు అమ్మ చెర్రీలు తీసుకుని, తమ రొట్టె ముక్కలిచ్చారు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఆగస్టు మాత్రం వద్దు. 15వ తేదీన వచ్చే ఇటలీవాళ్ళ పండుగకి అటూ ఇటూ ఇలాంటి చిన్న వంటిళ్ళవాళ్ళు సెలవులకి వెళ్ళిపోతారు, తెరిచి ఉండేవి ఎక్కువగా ఫొటోల మెనూలవే. ఆస్పరాగస్, చెర్రీలు రెండూ దొరకాలంటే మే చివర, జూన్ మొదట్లో వెళ్ళండి. తోర్తెల్లీని చారు కావాలనుకునేవాళ్ళు చలికాలం చూసుకోండి. ఆదివారం, సోమవారం మూసేసే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి.